రిలీవర్ రాని కుక్క

ఉక్కు ప్లాంటు కార్మికుల బస్తీ క్యాంప్ 1లో మా అక్క వాళ్ళింట్లో నేనున్న రోజుల్లో, ఆ ఇంట్లో మా బావ మాట వినే జీవి ఒక్కటే ఉండేది. అది కుక్క. అది కూడా బుద్ధి పుట్టినప్పుడే వినేది.

బావ ప్లాంటులో క్రేను ఆపరేటరు. షిఫ్టంతా మిల్లు కప్పుకింద ఒక ఇనప డబ్బాలో ఒంటరిగా కూర్చుని, కింద నిలబడ్డవాడు చేత్తో చూపించే సైగల్ని బట్టి ఎర్రగా కాలిన ఇనుమును అటూ ఇటూ మోసేవాడు. ఆయనకి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఆయన చెప్పేది మాత్రం ఆ మోతలో ఎవరికీ వినపడేది కాదు. ఇంటికొస్తే అక్క మాట్లాడేది. అక్క మాట్లాడుతుంటే ప్లాంటు నయం. అందుకని పవర్ హౌస్ బజారులో మాంసం కొట్టు దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఆయన సైకిలు వెంటపడి ఇంటిదాకా వచ్చినప్పుడు, ఆయన వెనక్కి తిరిగి "పో" అనలేదు. ఎవరైనా తన వెంట రావడం ఆయనకి అదే మొదటిసారనుకుంటాను.

నాది దుర్గ్‌లో ఒక దినపత్రికలో ఉద్యోగం, కోర్టు వార్తలు రాయడం. రోజంతా అక్కడ వాయిదాలు విని సాయంత్రం ఇంటికొస్తే ఇక్కడ కుక్క మీద విచారణ నడుస్తూ ఉండేది. ఫిర్యాదీ ఎదురింటి మామ్మ. ఆవిడది భీమిలి వైపు. ఊరి నుంచి రైల్లో ఎవరొచ్చినా ఆవిడకి ఎండు మెత్తళ్ళు తేవాల్సిందే. ఆ చిన్న చేపల్ని చాట నిండా పోసి గుమ్మం ముందు మళ్ళీ ఒకసారి ఎండబెట్టేది. మా కుక్క ఆ చాటని ఖాళీ చేసేది. చాట మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది, అంత నేర్పు.

"మెత్తళ్ళు తినీసినాదని కాదు నా బాధ," అనేది మామ్మ, నడుం మీద చేతులేసుకుని. "తినీసి నా గుమ్మం మీదే తొంగున్నాది సూడు, అదీ బాధ. సిగ్గేటైనా ఉండాలి కదా!"

మా సందుకి పెద్ద ఒక లేబరు కాంట్రాక్టరు. ఆయనకి సొంత లారీ ఉండేది, రాజ్‌హరా గనులకి పోయి వస్తూండేది. సందులో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తేలేది. మామ్మ మూడోసారి ఫిర్యాదు చేసేసరికి ఆయన తీర్పు చెప్పేశాడు. దీపావళి ముందు ఆదివారం లారీ గనులకి పోతుంది. కుక్కని అందులో ఎక్కించి పంపేస్తారు. గనుల దగ్గర క్యాంటీనుంది, బతికిపోతుంది.

మా బావ నోరు తెరవగా నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. "దానికి బుద్ధి నేర్పుతాను బాబూ," అన్నాడు. "ఆ ఆదివారం అందరి ముందూ పరీక్ష పెట్టండి. తప్పితే నేనే లారీ ఎక్కిస్తాను."

కాంట్రాక్టరు ఆలోచించి మూడు షరతులు పెట్టాడు. "కూకోమంటే కూకోవాల. ముట్టొద్దంటే ముట్టకూడదు. లెగమంటే లెగాల. మూడూ అయితేనే ఉంటాది. ఒక్కటి తప్పినా లారీయే."

ఆ రాత్రి బావ అన్నం సరిగ్గా తినలేదు. కుక్క తన వాటా, ఆయన వాటా కూడా తినేసి పడుకుంది.

*

ఊరొదిలి ఈ హిందీ దేశానికొచ్చిన మా తెలుగువాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. మెడకి పట్టీ లేని కుక్కకి హిందీ వస్తుంది, పట్టీ ఉన్న కుక్కకి ఇంగ్లీషు వస్తుంది. తెలుగు ఏ కుక్కకీ రాదు. శ్రీకాకుళం నుంచి నిన్న దిగినవాడైనా సరే, పట్టీ కనపడగానే "కమ్, కమ్" అనేవాడు. బావ కూడా పవర్ హౌస్‌లో ఒక పట్టీ కొని తెచ్చి మెడకి కట్టి, ఆ మర్నాటి నుంచి ఇంగ్లీషు మొదలుపెట్టాడు.

"సిట్," అనేవాడు. కుక్క కూర్చునేది. అది దానికి కష్టమైన పని కాదు, పుట్టినప్పటి నుంచీ కూర్చుంటూనే ఉంది. అసలు చిక్కు తర్వాత వచ్చేది. "స్టే," అని బావ రెండడుగులు వెనక్కి వేసేలోపల వంటింట్లోంచి అక్క అందుకునేది.

"బొగ్గులు నిండుకున్నాయని నిన్ననగా సెప్పినాను. పొద్దున్నించీ కుక్క ముందు కూకున్నారు గానీ ఆ మాట సెవినేసుకున్నారేటి? నాను పొయ్యిలో ఏటి పెట్టాల, మీ కాళ్ళా?"

కుక్క లేచిపోయేది. ప్రతిసారీ అంతే. బావ మళ్ళీ సిట్ అనడం, స్టే అనడం, అక్క ఏదో ఒకటి అనడం, కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని తోకూపుకుంటూ బయటికి పోవడం. ఇల్లు ఇరుకు, అందుకే కుదరడం లేదని బావ తేల్చాడు.

దాంతో ఆయనకి ప్లాంటు పద్ధతి తట్టింది. అదేమిటో చెప్పాలి. ప్లాంటులో షిఫ్టు అయిపోయిందని భోంపూ మోగినంత మాత్రాన మనిషి లేచి వచ్చేయడానికి లేదు. తన చోట కూర్చోవడానికి తర్వాతివాడు రావాలి. అతన్ని రిలీవరంటారు. రిలీవరు వచ్చి చార్జి తీసుకునేదాకా, ఎనిమిది గంటలైనా పదహారు గంటలైనా, కూర్చున్నవాడు కూర్చోవాల్సిందే. బావ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ నియమం తప్పలేదు. రిలీవరు రాక తన చెల్లెలి పెళ్ళికి వెళ్ళే రైలు కూడా వదులుకున్నాడు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆయన ముఖంలో బాధ ఉండేది కాదు, గర్వం ఉండేది.

"కూర్చోబెట్టినవాడే లేపితే దానికి డ్యూటీ విలువ ఏం తెలుస్తుంది?" అన్నాడు నాతో. "లేపడానికి వేరేవాడు రావాలి. అప్పుడే కుదురుగా కూర్చుంటుంది."

అంటే కుక్కకి ఒక రిలీవరు కావాలి. ఆయన క్రేను మీదే రాత్రి షిఫ్టు చేసే జోడీదారు ఒకడుండేవాడు. దుర్గ్ పక్క పల్లెవాడు, భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. ఆ నెలంతా బావకి సాయంత్రం షిఫ్టు, ఆయన దిగాక రాత్రి ఆ క్రేను ఎక్కేది అతనే. తెల్లవారి డ్యూటీ దిగి సైకిలు మీద మా సందులోంచే ఇంటికి పోయేవాడు. టీ ఇస్తానంటే కుక్క పని కూడా చూస్తానన్నాడు.

సందు మధ్యలో కాస్త విశాలంగా ఉన్నచోట బావ సుద్దతో ఒక గుండ్రం గీసేవాడు. క్రేను బరువెత్తినప్పుడు కింద గీత దాటి ఎవరూ లోపలికి రాకూడదని ప్లాంటులో మరో నియమం ఉంది కదా, అది కూడా ఇందులో కలిపేశాడు. కుక్క గుండ్రంలో కూర్చుని ఉన్నంతసేపూ బయటకి రాదు, ఎవర్నీ లోపలికి రానివ్వదు. తెల్లవారగానే భోంపూ, వెంటనే సిట్, స్టే. బావ పక్కనే నిలబడేవాడు. కాసేపటికి జోడీదారు హెల్మెట్టుతో సహా వచ్చి సైకిలు దిగేవాడు. దిగుతూనే మొదలయ్యేది.

"అరే భయ్యా! క్యాబిన్ మే మూంగ్‌ఫలీ కీ దుకాన్ ఖోలీ హై క్యా? సీట్ కే నీచే ఛిల్కే హీ ఛిల్కే!"

బావకి వేరుసెనక్కాయలు తినే అలవాటు. తొక్కలన్నీ క్రేను సీటు కిందే ఉండేవి. రాత్రంతా ఆ తొక్కల మీద కూర్చున్న మనిషి, తెల్లవారి ఆ కసి తీర్చుకునేవాడు. ఒకరోజు తొక్కలు, ఒకరోజు సీసా నిండా నీళ్ళు పెట్టకపోవడం, ఒకరోజు తుడవని అద్దం. బావ తల వంచుకుని వినేవాడు. అంతా అయ్యాక జోడీదారు గీత దగ్గరికొచ్చి, హెల్మెట్టు సర్దుకుని, "ఛలో, చార్జ్ దే," అనేవాడు. కుక్క అప్పటికే లేచి తోకూపుతూ ఉండేది.

"చూశావా ఉత్సాహం," అనేవాడు బావ. "హెల్మెట్టు చూస్తే చాలు, రిలీవరొచ్చాడని తెలిసిపోతుంది దానికి."

రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ కుక్క అలా కూర్చోవడం చూడ్డానికి పక్క సందుల నుంచి జనం వచ్చేవాళ్ళు. కాకి వచ్చి తల మీద వాలినా కదిలేది కాదు. ఒకరోజు వానలో కూడా కూర్చుంది. జోడీదారు ఆలస్యంగా వచ్చినరోజు అంత ఆలస్యంగానే లేచింది. బావ నడకే మారిపోయింది. దారిలో కనపడినవాళ్ళని ఆయనే ముందుగా పలకరించడం మొదలుపెట్టాడు.

*

పరీక్ష రోజున సందంతా వచ్చింది. కాంట్రాక్టరు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. ఆయన వెనక లారీ నిలబడి ఉంది, క్లీనరు తాడు కూడా తెచ్చాడు. తాడు చూసి బావ ముఖం తిప్పుకున్నాడు.

జనం ఎక్కువై రోజూ గీసే చోట నిలబడిపోయారు. అందుకని బావ కాస్త పక్కకి జరిగి, కుళాయి దగ్గర చదునుగా ఉంటే అక్కడ గీశాడు. మా సందు మొత్తానికి అదొక్కటే కుళాయి. నీళ్ళు రావడానికి ఇంకా టైముంది. గుండ్రం పెద్దదిగా ఉంటే ముచ్చటగా ఉంటుందని కుళాయి కూడా లోపలికొచ్చేలా గీశాడు. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు.

భోంపూ మోగింది. "సిట్," అన్నాడు. కూర్చుంది. "స్టే."

మామ్మ తన చేత్తో ఒక పళ్ళెం నిండా ఎండు మెత్తళ్ళు తెచ్చి, గీత దాటకుండా కర్రతో దాని ముక్కుకి జానెడు దూరందాకా నెట్టింది. ఆవిడ ముఖంలో గెలుపు అప్పుడే వచ్చేసింది. కుక్క పళ్ళెం వైపు చూసింది. చొంగ కారింది. చొంగ కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. కానీ మూతి కదలలేదు. చాలాసేపు చూసి కాంట్రాక్టరు "శభాష్," అన్నాడు. "రెండు అయిపోనాయి. ఇంక లేపు."

"రిలీవరు రావాలండి," అన్నాడు బావ.

అందరూ సందు మొగ వైపు చూశారు. జోడీదారు రాలేదు. అతని బదులు మిల్లు నుంచి ఒక కుర్రాడు, ఖలాసీ, సైకిలు మీద వచ్చాడు. సందులోనే ఉంటాడు, మావాడే.

"అన్నా, ఫోర్‌మన్ నిన్ను రమ్మంటన్నాడు. పొద్దుటి షిఫ్టువాడు రాలేదు. నీ జోడీదారు క్రేను దిగలేక అక్కడే కూకుండిపోయినాడు. నువ్వొచ్చి రిలీవ్ సెయ్యాలట."

"నేను వెళ్ళడానికి లేదు," అన్నాడు బావ. "ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. అతను వచ్చి ఇక్కడ చార్జి తీసుకుంటే నేను వెళ్తాను."

"నువ్వెళ్తేనే కదన్నా అతనొచ్చేది."

"అతనొస్తేనే కదా నేనెళ్ళేది."

ఖలాసీ కాంట్రాక్టరు వైపూ కుక్క వైపూ చూసి, సైకిలెక్కి ఈ జవాబు చెప్పడానికి వెనక్కి పోయాడు. చాలాసేపటికి మళ్ళీ వచ్చాడు. ఫోర్‌మన్ ఏమన్నాడో అందరి ముందూ చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

కోర్టుల్లో నేను చాలా వాదనలు విన్నాను గానీ, ఆ పొద్దున ఆ సందులో జరిగినంత లోతైనది వినలేదు. లేవమంటే లేవని కుక్క మాట విన్నట్టా, విననట్టా? కూర్చోమన్న మాట ఇంకా వింటూనే ఉంది కాబట్టి విన్నట్టేనని ఒక వర్గం. అలాగైతే రాయి కూడా మాట వింటున్నట్టేనని మరో వర్గం. కాంట్రాక్టరు రెండువైపులా తలూపాడు.

"మూడింట రెండు నెగ్గినాది. మూడోది నెగ్గలేదు," అన్నాడు చివరికి. "నీ ఇష్టం బాబూ, లేపుతావా, లారీ ఎక్కిస్తావా?"

"లేవకుండా లారీ ఎలా ఎక్కుతాదండి?" అంది మా అక్క. "ఎక్కిస్తే ఇద్దర్నీ ఎక్కించీండి. ఈయన కూడా లెగరు."

నిజంగానే బావ గీత పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. "హెల్మెట్టు చాలేమో చూద్దాం," అన్నాడు సన్నగా. తన హెల్మెట్టు నాకిచ్చాడు. నేను పెట్టుకుని గీత దగ్గరికెళ్ళి "ఛలో, చార్జ్ దే," అన్నాను. కుక్క నన్ను పైనుంచి కిందకి చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. కాంట్రాక్టరు పెట్టుకున్నాడు. ఆయన తల పెద్దది, హెల్మెట్టు నెత్తి మీద గిన్నెలా నిలబడింది. కుక్క ఆయన వైపు అసలు చూడలేదు. లారీ క్లీనరు కూడా పెట్టుకుని చూశాడు.

ఇంతలో కుళాయి గుర్రుమంది. నీళ్ళొచ్చాయి.

సందులో ఆడవాళ్ళందరూ బిందెలు, బకెట్లు పట్టుకుని ఒక్కసారిగా వచ్చి గీత దగ్గర ఆగిపోయారు. ఒకావిడ గీత దాటి కాలు పెట్టింది. కుక్క పళ్ళు చూపించింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. నీళ్ళు ధారగా పడి, కుక్క కిందనుంచి పోయి, మెత్తళ్ళ పళ్ళెం చుట్టూ తిరిగి, మోరీలో కలుస్తున్నాయి. ఆ నీళ్ళు పోతే మళ్ళీ సాయంత్రం దాకా చుక్క లేదు. కుక్క మాత్రం తడిసిన నేలమీద నిటారుగా కూర్చుని డ్యూటీ చేస్తూనే ఉంది.

అప్పుడు మామ్మ వచ్చింది. చంకలో ఖాళీ బిందె. నేరుగా బావ ముందుకొచ్చి నిలబడింది.

"ఒరే నాయినా, నువ్వు క్రేను తోల్తావో గేదెల్ని తోల్తావో గానీ, బుర్రన్నది ఉన్నాదా నీకు? సందు మొత్తానికీ ఒకటే కుళాయి. దాని కింద కూకోబెడతావా కుక్కని? కూకోబెట్టీసినోడికి లేపడం తెలీదేటి? రిలీవరట, రిలీవరు! నీ రిలీవరొచ్చి వొండుతాడేటి మా ఇంట్లో? టన్నులకి టన్నులు ఇనుము ఎత్తుతానని సెప్పుకుంటావు, బక్క కుక్కని ఎత్తలేకపోనావు! నీకు పిల్లనిచ్చినోళ్ళని అనాల ముందు!"

బావ తల వంచుకుని వింటున్నాడు.

కుక్క లేచింది. ఒళ్ళు విరుచుకుంది, ముందు కాళ్ళు ఒకసారి, వెనక కాళ్ళు ఒకసారి. తోకూపుకుంటూ గీత దాటి బయటకొచ్చి మామ్మ కాళ్ళ దగ్గర నిలబడింది. మామ్మ తలమీద హెల్మెట్టు లేదు. బిందె తప్ప ఇంకేమీ లేదు.

ముందుగా అర్థమైంది మా అక్కకి.

"ఓలమ్మో!" అంది. "ఇంట్లో నాను అన్నప్పుడల్లా లెగిసిపోయేది ఇందుకా! ఆ జోడీదారు రోజూ వచ్చి సేసింది ఇదే కదా. ఇది హెల్మెట్టు కాదండోయ్. మిమ్మల్ని ఎవరైనా తిడితే డ్యూటీ అయిపోనట్టు దానికి!"

బావ ఒప్పుకోలేదు. హెల్మెట్టేనన్నాడు, మామ్మ కొప్పు దూరం నుంచి హెల్మెట్టులా కనపడి ఉంటుందన్నాడు. అక్క అక్కడికక్కడే రుజువు చూపించింది. కుక్కని మళ్ళీ కూర్చోబెట్టించి, ఆయన తెచ్చిన వంకాయల గురించి నాలుగు మాటలంది. రెండో మాటకే లేచింది.

ఆడవాళ్ళు కుళాయి మీద పడ్డారు. కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "లెగిసినాది గానీ యజమాని మాటకి లెగలేదు. షరతు షరతే," అన్నాడు. క్లీనరు తాడందుకున్నాడు. బావ లేచి నిలబడ్డాడు. కుక్క పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగండి," అంది మామ్మ. ఆవిడ ఇంకా కుక్కనే చూస్తోంది. "అది లెగిసింది నా మాటకి కదా."

"అవును గానీ..."

"మా ఇంట్లో ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. మనవలతో మాటాడితే 'క్యా బోల్ రహీ హై దాదీ' అంటారు, నా తెలుగు ఆళ్ళకి తెలీదు. పొద్దున్నించీ అరుస్తాను, ఒక్కడు మంచం దిగడు. ఈ క్యాంపులో నా మాటకి లెగిసినోడు ఇదొక్కటే." పళ్ళెంలోంచి ఒక మెత్తడు తీసి కుక్క నోటికి అందించింది. "నీ లారీలో రాళ్ళేసుకో నాయినా. ఇది ఉంటాది."

ఫిర్యాదీ వెనక్కి తగ్గితే కేసు లేదు. కాంట్రాక్టరుకి ఆ సంగతి తెలుసు. కుర్చీ మడిచి లోపలికి పంపించేశాడు. బావ సైకిలెక్కి మిల్లుకి ఎంత వేగంగా పోయాడంటే హెల్మెట్టు మా చేతుల్లోనే మర్చిపోయాడు. అక్కడ జోడీదారు ఆయన కోసం ఏం దాచి ఉంచాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

కుక్క ఉండిపోయింది. అయితే బావ పద్ధతి మారలేదు. రోజూ కూర్చోబెట్టాల్సిందే, లేపడానికి రిలీవరు రావాల్సిందే. చార్జి మాత్రం మామ్మకి మారింది. గుండ్రం కుళాయికి దూరంగా గీసేవాడు. నీళ్ళ పని అయ్యాక ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. మొదటి కొన్నాళ్ళూ ఆవిడకి సరుకు లోటు లేకపోయింది. తర్వాత్తర్వాత, బావ నెమ్మదైన మనిషి కావడం వల్ల, కష్టమైపోయింది. ఊరికే తిడితే కుక్క లేచేది కాదు, నిజమైన కోపం దానికి తెలిసిపోయేది.

"ఇవేళ దేనికి తిట్టమంటావు బాబూ?" అని అడిగేది మామ్మ.

బావ గడ్డం గోక్కుంటూ ఆలోచించేవాడు. ఒక్కోరోజు చాలాసేపు పట్టేది. ఎదురుగా కుక్క ఓపిగ్గా చూస్తూ ఉండేది.

"నిన్న మీ ఇంటి గోడకి నా సైకిలు ఆనించాను," అనేవాడు చివరికి. "సున్నం రాలింది."

"ఎక్కడ?" అంటూ ఆవిడ వెనక్కి తిరిగి గోడ చూసేది.